'కంప్లీట్ సిరీస్'లో లేని ముగింపు: ఫార్‌స్కేప్ కథ మూడు గంటల డీవీడీలో ఎందుకు ముగిసింది?

2009లో అమెరికాలో ఏ అండ్ ఈ సంస్థ 'ఫార్‌స్కేప్' అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌ని ఒకే పెట్టెలో డీవీడీలుగా తెచ్చింది. పెట్టె మీద 'కంప్లీట్ సిరీస్' అని ఉంది. లోపల నాలుగు సీజన్లు, 88 ఎపిసోడ్లు. వరసగా చూసుకుంటూ పోతే ఆఖరి ఎపిసోడ్ చివర్లో హీరో, హీరోయిన్ ఒక చిన్న పడవలో కూర్చుని ఉంటారు. ఆమె కడుపులో ఉన్నది తన బిడ్డేనని అతనికి అప్పుడే తెలుస్తుంది. ఉంగరం తీసి పెళ్లి చేసుకుందామంటాడు, ఆమె సరేనంటుంది. అంతలో ఆకాశంలోంచి ఎవరో తెలియని గ్రహాంతరవాసి ఓడ వచ్చి ఒక కిరణం వదులుతుంది. ఇద్దరూ స్ఫటికపు ముక్కలైపోయి రాలిపోతారు. తెర మీద 'ఇంకా ఉంది' అన్న అర్థంలో ఒక అక్షరాల వరస వస్తుంది. పెట్టెలో మాత్రం ఇంకేమీ లేదు.

ఆ తర్వాతి కథ ఉంది. దాని పేరు 'ద పీస్‌కీపర్ వార్స్'. రెండు భాగాల మినీ సిరీస్, సుమారు మూడు గంటలు. 2004 అక్టోబర్ 17, 18 తేదీల్లో టీవీలో వచ్చింది, 2005 జనవరిలో డీవీడీగా వచ్చింది. కానీ ఆ డీవీడీని తెచ్చింది లయన్స్‌గేట్ అనే వేరే సంస్థ. అందుకే 'కంప్లీట్' అని రాసిన పెట్టెలో ముగింపు లేకుండా పోయింది. ఈ సిరీస్‌ని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఇక్కడే తికమకపడతారు. సిరీస్ ఎందుకు ఆగింది, ఆగినది ఎలా తిరిగొచ్చింది, వచ్చినది పూర్తి సీజన్‌గా కాకుండా మినీ సిరీస్‌గానే ఎందుకొచ్చింది అన్న మూడు చిక్కుముళ్లు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. వాటిని విప్పాలంటే కథ కూడా కొంత చెప్పక తప్పదు. ముగింపు ముందే తెలిస్తే చూడబుద్ధి కాదనుకునేవాళ్లు సిరీస్ చూశాకే ఇది చదవండి.

ఫార్‌స్కేప్‌ని సృష్టించింది రాక్నే ఎస్. ఒబానన్. నిర్మించింది తోలుబొమ్మల ప్రపంచంలో పెద్ద పేరున్న జిమ్ హెన్సన్ కంపెనీ, హాల్‌మార్క్ ఎంటర్‌టైన్‌మెంట్ కలిసి. 1999 మార్చి 19న అమెరికాలో సై-ఫై చానెల్‌లో మొదలైంది. షూటింగ్ అంతా ఆస్ట్రేలియాలోని సిడ్నీలో. నటుల్లో ఎక్కువమంది అక్కడివాళ్లే, హీరో జాన్ క్రైటన్‌గా చేసిన బెన్ బ్రౌడర్ మాత్రం అమెరికన్. క్రైటన్ ఒక వ్యోమగామి. చిన్న నౌకలో ప్రయోగం చేస్తుండగా వార్మ్‌హోల్‌లో, అంటే అంతరిక్షంలో ఒక మూల నుంచి ఇంకో మూలకి తీసే సొరంగంలో పడి, ఎక్కడో తేలతాడు. అక్కడ అతనికి దొరికిన ఆసరా మోయా అనే ఓడ. అది లోహంతో చేసిన యంత్రం కాదు, ప్రాణమున్న జీవి. దానిలో ఉన్నవాళ్లందరూ పీస్‌కీపర్లు అనే సైనిక జాతి చెర నుంచి పారిపోతున్న ఖైదీలు. పీస్‌కీపర్ల సైన్యంలోనే పుట్టి పెరిగి, క్రైటన్ కారణంగా అక్కడి నుంచి వెలి అయిన సైనికురాలు ఎయిరిన్ సన్. ఆ పాత్రలో క్లాడియా బ్లాక్.

ఈ సిరీస్‌లో రెండు ముఖ్య పాత్రలు బొమ్మలు. ఒకటి రైజెల్, పదవి పోయిన పొట్టి రాజు, తిండిపోతు. రెండోది పైలట్, నాలుగు చేతులతో ఓడలోనే అతుక్కుపోయి ఉండే భారీ జీవి. కొన్ని నిమిషాలు చూశాక ఇవి బొమ్మలన్న సంగతే మర్చిపోతాం. పైలట్ బాధపడితే మనకూ బాధేస్తుంది. కానీ ఒక్కో బొమ్మ వెనక ఆడించేవాళ్లు, రిమోట్ పట్టుకునేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. వీటికి తోడు వారం వారం కొత్త గ్రహం, కొత్త జాతి, మొహం నిండా అతికించే రబ్బరు మేకప్. కేబుల్ చానెల్ స్థాయికి ఇది చాలా ఖరీదైన వ్యవహారం. మొదటి చిక్కుముడి ఈ ఖర్చులోనే ఉంది.

మన దగ్గర డైలీ సీరియల్ టీఆర్‌పీ ఉన్నంతకాలం సాగుతుంది. రేటింగ్ పడిపోతే నాలుగు రోజుల్లో అందర్నీ కలిపేసి శుభం కార్డు వేస్తారు. అమెరికాలో ఆ పద్ధతి వేరు. చానెల్ సీజన్ లెక్కన కొంటుంది, ఫార్‌స్కేప్‌కి సీజన్‌కి 22 ఎపిసోడ్లు. సిరీస్ మీద సొంతహక్కు నిర్మాతదే. చానెల్ ప్రసారం కోసం ఫీజు కడుతుంది, అది ఖర్చు మొత్తానికి సరిపోదు. మిగతాది విదేశీ అమ్మకాల నుంచి, వీడియోల నుంచి రావాలి. 2001లో సై-ఫై చానెల్ ఒకేసారి రెండు సీజన్లకి, అంటే నాలుగు, అయిదు సీజన్లకి ఒప్పందం చేసుకుంది. అయిదో సీజన్ దగ్గర తప్పుకునే వీలు మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది.

రచయితలు ఆ రెండేళ్ల ఒప్పందాన్ని నమ్ముకుని కథ అల్లారు. అందుకే నాలుగో సీజన్‌లో ఎన్నో దారాలు సగంలో వదిలి ఉంటాయి. భూమికి తిరిగెళ్లే దారి, ఎయిరిన్ గర్భం, స్కారన్లు అనే క్రూరజాతికీ పీస్‌కీపర్లకీ మధ్య ముంచుకొస్తున్న యుద్ధం, వీటన్నిటినీ అయిదో సీజన్‌లో తేల్చాలన్నది వాళ్ల ఆలోచన. 2002 సెప్టెంబర్‌లో చానెల్ తప్పుకుంది. రేటింగులు ఖర్చుకు తగ్గట్టు లేవన్నది దాని వాదన. అప్పటికి నాలుగో సీజన్‌లో సగమే ప్రసారమైంది, సిడ్నీలో చివరి ఎపిసోడ్ల షూటింగ్ ఇంకా సాగుతోంది.

ఆ ఏడాది తెర వెనక జరిగిన ఇంకో సంగతి కూడా చూడాలి. 2002లో సై-ఫై చానెల్ వివెండి యూనివర్సల్ చేతికి వచ్చింది. ఆ సంస్థ అప్పట్లో అప్పుల్లో మునిగి ఉంది. అవతల జిమ్ హెన్సన్ కంపెనీ కూడా హెన్సన్ కుటుంబం చేతిలో లేదు. 2000లో ఈఎం.టీవీ అనే జర్మన్ మీడియా కంపెనీ దాన్ని కొంది, కొన్న కొద్ది కాలానికే ఆ కంపెనీ షేరు కుప్పకూలింది. సిరీస్ కోసం గట్టిగా నిలబడాల్సిన రెండు పక్షాలూ తమ తమ ఇళ్లు చక్కబెట్టుకునే స్థితిలో ఉన్నాయి. చానెల్ నిర్ణయానికి ఇదే కారణమని తేల్చి చెప్పను. కానీ ఇలాంటి సమయంలో ఖరీదైన సిరీస్ మీద మొదటి వేటు పడటంలో ఆశ్చర్యం లేదు.

చివరి ఎపిసోడ్ పేరు 'బ్యాడ్ టైమింగ్'. 2003 మార్చి 21న అమెరికాలో వచ్చింది. రద్దు సంగతి తెలిసి కూడా ఆ పడవ సన్నివేశాన్ని మార్చకుండా వదిలారు. నా దృష్టిలో అది చాలా ధైర్యమైన పని, సరైన పని కూడా. ఆ ఎపిసోడ్‌లోనే క్రైటన్ చంద్రుడి మీద దిగి, అక్కడి నుంచి తండ్రితో మాట్లాడి వీడ్కోలు చెప్తాడు. స్కారన్లు భూమి మీదకి రాకుండా ఉండాలంటే భూమికున్న ఆ ఒక్క సొరంగాన్నీ మూసేయాలి. మూస్తే తను ఇక ఇంటికి వెళ్లలేడు. మొదటి ఎపిసోడ్ నుంచీ 'ఇంటికి వెళ్లాలి' అన్న మనిషి తన చేత్తోనే ఆ దారి మూసేస్తాడు. పడవ సీన్ లేకపోతే ఇది ఒక రకంగా పూర్తయిన ముగింపే. పడవ సీన్ ఉండటం వల్ల ఇది ఎవరో ఒకరు పూర్తి చేసి తీరాల్సిన కథ అయింది.

అభిమానుల ఉద్యమం గురించి చాలామంది గొప్పగా రాశారు, అందులో నిజం ఉంది. రద్దు వార్త బయటికొచ్చిన వెంటనే ఉత్తరాలు, ఫోన్లు, ఈమెయిళ్లు మొదలయ్యాయి. సొంత డబ్బు వేసుకుని టీవీలో ప్రకటనలు కూడా ఇచ్చారు. అయితే 'అభిమానులు అడిగారు, చానెల్ దిగొచ్చింది' అని ఈ కథని ఒక్క ముక్కలో తేల్చేస్తే అసలు విషయం జారిపోతుంది. చానెల్ అయిదో సీజన్ ఇవ్వలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. అభిమానులు చేసింది వేరు. ఈ సరుకుకి కొనేవాళ్లున్నారని బయట ఉన్న పెట్టుబడిదారులకి కనబడేలా చేశారు. ప్రేమని లెక్కల్లోకి మార్చి చూపించారు. డబ్బు పెట్టేవాడికి కావాల్సింది అదే.

ఆ డబ్బు కోసం తిరిగిన మనిషి బ్రయాన్ హెన్సన్. జిమ్ హెన్సన్ కొడుకు, ఫార్‌స్కేప్ నిర్మాతల్లో ఒకడు. 2003లో హెన్సన్ కుటుంబం తమ కంపెనీని జర్మన్ యజమాని దగ్గర నుంచి తిరిగి కొనుక్కుంది. ఈ మొత్తం వ్యవహారంలో మలుపు ఇక్కడుందని నేను నమ్ముతాను. కంపెనీ చేతులు మారకపోయి ఉంటే, ఫార్‌స్కేప్ ఏదో గోడౌన్‌లో ఒక ఆస్తిగా పడి ఉండేది. కుటుంబం చేతికి వచ్చాక దాన్ని పూర్తి చేయాలని పట్టుబట్టే మనిషికి, చేయగలిగే అధికారం కూడా వచ్చింది. బయటి నుంచి పెట్టుబడి తెచ్చి, 2003 చివర్లో ఆస్ట్రేలియాలోనే షూటింగ్ మొదలుపెట్టారు. దర్శకత్వం బ్రయాన్ హెన్సనే, రాసింది ఒబానన్, డేవిడ్ కెంపర్. పాత నటుల్లో ముఖ్యమైనవాళ్లంతా తిరిగొచ్చారు.

తిరిగొచ్చినప్పుడు సీజన్‌గా ఎందుకు రాలేదు? 22 ఎపిసోడ్లకి ఏడాది పాటు సెట్లు, నటులు, బొమ్మల వర్క్‌షాప్ నడపాలి. దానికి చానెల్ ముందే మాటివ్వాలి. మూడు గంటల సినిమా లాంటిదైతే కొన్ని నెలల్లో తీసేయొచ్చు. ముందే తీసి చూపించి అమ్మొచ్చు కూడా. రెండో కారణం చానెల్ అభిరుచి. సై-ఫై చానెల్‌కి ఆ రోజుల్లో బాగా కలిసొచ్చింది మినీ సిరీస్‌లే. 2000 డిసెంబర్‌లో 'డ్యూన్', 2002 డిసెంబర్‌లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ పేరుతో వచ్చిన 'టేకెన్', 2003 డిసెంబర్‌లో కొత్త 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా', అన్నీ పండగ హడావుడిలా ప్రచారం చేసి వేసినవే. ఏడాదంతా ఫార్‌స్కేప్‌కి డబ్బు పెట్టడం ఇష్టం లేని చానెల్‌కి, రెండు రాత్రుల ఫార్‌స్కేప్ నచ్చింది. మూడో కారణం నిర్మాతల్లోనే ఉంది. హాల్‌మార్క్ ఎంటర్‌టైన్‌మెంట్‌ది మొదటి నుంచీ మినీ సిరీస్‌ల వ్యాపారం. 1996లో 'గలివర్స్ ట్రావెల్స్', 1998లో 'మెర్లిన్' వాళ్ల చేతి నుంచి వచ్చినవే. రెండు భాగాలుగా తీసి, టీవీకి అమ్మి, తర్వాత వీడియోగా అమ్మడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య.

డీవీడీ ఆ కాలంలో ఎంత పెద్ద శక్తో ఇప్పుడు ఓటీటీలో చూసేవాళ్లకి వెంటనే అర్థం కాకపోవచ్చు. 2003 నుంచి 2005 దాకా టీవీ సిరీస్‌ల బాక్స్ సెట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. ఆగిపోయిన సిరీస్‌లని డీవీడీ అమ్మకాలే లేపి కూర్చోబెట్టాయి. 2002లో ఆపేసిన కార్టూన్ సిరీస్ 'ఫ్యామిలీ గై' 2005లో తిరిగి టీవీలోకి వచ్చింది. 14 ఎపిసోడ్లు తీసి 11 మాత్రమే ప్రసారం చేసి ఆపేసిన 'ఫైర్‌ఫ్లై' 2003 చివర్లో డీవీడీగా వచ్చి, 2005లో 'సెరెనిటీ' అనే సినిమా అయింది. ఫార్‌స్కేప్ డీవీడీలు మొదట్లో ఒక్కో డిస్క్‌లో రెండేసి ఎపిసోడ్లతో విడివిడిగా వచ్చాయి. మొత్తం కొనాలంటే జేబు ఖాళీ అయ్యే వ్యవహారం. అయినా కొన్నారు. టీవీ రేటింగ్ ఆ రాత్రి ఎంతమంది చూశారో చెప్తుంది. డీవీడీ మాత్రం ఎంతమంది డబ్బు పెట్టి ఇంట్లో దాచుకోవాలనుకున్నారో చెప్తుంది. ఫార్‌స్కేప్ లాంటి సిరీస్‌లకి ఈ రెండో లెక్కే అనుకూలం.

అయితే అదే డీవీడీ రెండో తలనొప్పి తెచ్చిపెట్టింది. నాలుగు సీజన్లు అమెరికాలో మొదట తెచ్చింది ఏడీవీ ఫిల్మ్స్. తర్వాత అవి ఏ అండ్ ఈకి వెళ్లాయి. మినీ సిరీస్ మాత్రం మొదటి నుంచీ లయన్స్‌గేట్ దగ్గర. అది పుట్టిన ఒప్పందం వేరు, పెట్టుబడి వేరు, అమ్మే హక్కు వేరు. చూసేవాళ్లకి అది ఒకే కథలో 89వ మెట్టు. కాగితాల మీద అది ఇంకో సరుకు. 'కంప్లీట్' అన్న పెట్టెలో అది చేరకపోవడానికి కారణం ఇంతే, ఎవరి కుట్రా లేదు. ఆ పెట్టె కొనుక్కుని చివరికి పడవ దగ్గర ఆగిపోయినవాళ్ల కోపంలో మాత్రం పూర్తి న్యాయం ఉంది. పెట్టె మీద ఒక్క వాక్యం, 'దీని తర్వాత పీస్‌కీపర్ వార్స్ చూడండి' అని వేసి ఉంటే సరిపోయేది.

ఇక మూడు గంటల సంగతి. అయిదో సీజన్ అంతా, అంటే దాదాపు 16 గంటల కథ, మూడు గంటల్లో ఇమడాలి. మొదట్లోనే రైజెల్ నీటి అడుగున మునిగి ఆ స్ఫటికపు ముక్కలన్నీ ఏరి తెస్తాడు. ఇద్దరూ మళ్లీ మనుషులవుతారు. కానీ అతుకుల్లో చిన్న పొరపాటు, ఎయిరిన్ కడుపులో ఉండాల్సిన పిండం రైజెల్ కడుపులో చేరుతుంది. ఎప్పుడూ తిండి గురించే ఆలోచించే ఆ పొట్టి రాజు, గర్భిణిలా నీరసపడుతూ విసుక్కుంటూ తిరగడం చూస్తే, ఇంత తొందరలో కూడా ఈ రచయితలు తమ అల్లరి వదల్లేదని సంతోషమేస్తుంది. అదే సమయంలో యుద్ధం మొదలైపోతుంది. సీజన్‌లో అయితే అది మెల్లగా రాజుకోవాలి. ఇక్కడ మొదలయ్యేసరికే మండుతూ ఉంటుంది. స్కారన్ల చక్రవర్తి స్టాలీక్‌ని మనం సరిగ్గా ద్వేషించేలోపే కథ పరిగెడుతుంది. సికోజు ద్రోహం బయటపడే చోట నష్టం ఇంకా స్పష్టం. నాలుగో సీజన్ అంతా మనతో తిరిగిన పాత్ర, ఆమె మోసం నాలుగైదు ఎపిసోడ్లలో అనుమానంగా పెరిగి బద్దలవ్వాల్సింది. ఒక్క సన్నివేశంలో తేల్చేశారు. మినీ సిరీస్‌లో నాకు నిజంగా లోటనిపించింది అది.

ఇంత ఇరుకులోనూ ఒక సన్నివేశం మాత్రం పూర్తి సీజన్ ఉన్నా ఇంతకన్నా బాగా రాదేమో. చుట్టూ కాల్పులు జరుగుతుంటాయి. ఎయిరిన్‌కి నొప్పులు మొదలవుతాయి. శిథిలాల మధ్య ఒక ఫౌంటెన్ తొట్టి ఉంటే దానిలో నీళ్లలోనే కాన్పు. ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో క్రైటన్ చెయ్యి. పెళ్లి ఇంకా కాలేదు. సగం పిచ్చివాడిలా ఉండే స్టార్క్ అప్పటికప్పుడు పెళ్లి తంతు జరిపిస్తాడు, మధ్యలో శత్రువుల మీద కాల్చాల్సొస్తే ఆపి కాల్చి మళ్లీ మొదలుపెడతారు. ఎయిరిన్ పుట్టుకతో సైనికురాలు, ప్రేమ అనేది బలహీనత అని నేర్చుకుని పెరిగిన మనిషి. ఆమె తల్లి అయ్యే క్షణం యుద్ధరంగంలోనే రావడంలో ఆ పాత్ర నాలుగేళ్ల ప్రయాణం మొత్తం కనబడుతుంది. ఆ వెంటనే డార్గో మరణం. మోయా మీద మొదటి రోజు క్రైటన్‌ని శత్రువుగా చూసిన ఆ యోధుడు, వీళ్లని తప్పించడానికి వెనకే ఉండిపోతాడు. పుట్టిన బిడ్డకి ఆ పేరే పెడతారు.

అసలు ప్రశ్న వార్మ్‌హోల్ ఆయుధం. నాలుగు సీజన్ల పాటు అందరూ క్రైటన్ వెంటపడింది దీనికోసమే. అతని బుర్రలో ఆ జ్ఞానం ఉంది. సిరీస్‌లో ప్రధాన విలన్ స్కార్పియస్ దానికోసం అతని తలలోకే చొరబడ్డాడు. క్రైటన్ తయారు చేయనన్నాడు, అన్నేళ్లూ ఆ మాట మీదే నిలబడ్డాడు. చివరికి తయారు చేస్తాడు, అందరి ముందూ దాన్ని పేలుస్తాడు. అది ఒక నల్లని బిలంగా మారి క్షణక్షణానికీ పెరుగుతుంది. ఓడలు, గ్రహాలు అన్నీ మింగేసేదాకా ఆగదు. రెండు పక్షాల నాయకులూ సంధికి ఒప్పుకుంటేనే ఆపుతానంటాడు. ఆయుధం కోసం తపించినవాళ్లు ఆ ఆయుధాన్ని కళ్లారా చూసి భయపడి యుద్ధం ఆపడం, ఇంత పెద్ద కథకి తగిన ముగింపు. దీన్ని తొందరగా చెప్పారని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, తప్పుగా చెప్పారంటే మాత్రం ఒప్పుకోను.

ఆ తర్వాత కూడా సిరీస్ సీజన్‌గా తిరిగి రాలేదు. 2008 చివరి నుంచి బూమ్ స్టూడియోస్ వేసిన కామిక్స్‌లో, ఒబానన్ కథతోనే, మినీ సిరీస్ ముగిసిన చోటి నుంచి మోయా ప్రయాణం కొనసాగింది.

కొత్తగా చూడబోయేవాళ్లు మొదటి సీజన్ తొలి ఎపిసోడ్లలో కొంచెం ఓపిక పట్టాలి. ఆ సిరీస్ తన గొంతు తాను వెతుక్కుంటున్న రోజులవి. సీజన్ చివర్లో స్కార్పియస్ అడుగుపెట్టాక ఇక ఆపబుద్ధి కాదు. 'బ్యాడ్ టైమింగ్' చూసిన రాత్రే పీస్‌కీపర్ వార్స్ పెట్టుకోకండి. 2003లో చూసినవాళ్లు ఏడాదిన్నర ఎదురుచూశారు, మీరు కనీసం ఒక రోజైనా ఆ పడవ దగ్గర ఆగితే, రైజెల్ ఆ ముక్కలు ఏరుతూ నీళ్లలోకి దూకినప్పుడు ఆ మూడు గంటల విలువ తెలుస్తుంది. డిస్కులు కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద 'కంప్లీట్' అన్న మాట నమ్మకుండా, లోపల పీస్‌కీపర్ వార్స్ ఉందో లేదో వెనక అట్ట చూసి కొనండి.